పాపకు నాన్న ఉత్తరం

చిరంజీవి పాపకు,

ఇక్కడ అందరం కులాసా. పెద్దత్త మోకాలు మామూలే. బోరు మోటారు మళ్లీ కాలింది. ఈసారి నేనే విప్పాను, మీ అమ్మ తిట్లు తింటూ.

ఆదివారం నీ ఫోన్ రాలేదు. ఎయిర్‌ఫోర్స్ ట్రైనింగ్ కదా, పనిష్‌మెంట్ ఏదో పడి ఉంటుంది, నాకేం టెన్షన్ లేదు. శంకరం బాబాయే పొద్దున్నే వచ్చి, ట్రైనింగ్ విమానం ఇంజన్ ఆగి ఎక్కడో పడిందట అని చెప్పి, కాఫీ తాగి వెళ్లాడు. ఎక్కడో తెలీదు, ఎవరో తెలీదు. బతికున్న కరణంగారికి వాట్సాప్‌లో సంతాపం పెట్టిన మనిషి, వాడి మాటకేం! మీ అమ్మ మాత్రం టీవీ కట్టేయనివ్వడం లేదు. 2023 డిసెంబర్‌లో తూప్రాన్ దగ్గర పిలాటస్ ట్రైనింగ్ విమానం కూలి ఇద్దరు పోయారు కదా, నువ్వు చేరకముందు సంగతే అయినా ఆవిడ మర్చిపోలేదు.

మీకు పిలాటస్‌లు, ప్రమాదమొస్తే మనిషిని బయటికి విసిరేసే ఎజెక్షన్ సీట్లు. అవి 2013లో వచ్చాయి. అంతకుముందు ట్రైనింగ్‌కి వాడిన దీపక్ విమానాల కథ వేరు. దూకడానికి సీటు లేదు, ఇంజన్ ఆగితే ఎక్కువ దూరం తేలదు. 17 ప్రమాదాల్లో 19 మంది పోయాక, 2009లో ఆపేశారు.

ఒకసారి మా ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ నుంచి వెళ్లిన దీపక్ ఒకటి తిరిగి రాలేదు. లారీలో బయల్దేరాం. దారంతా ఒక్కడూ నోరు విప్పలేదు. చూస్తే, ఎండిపోయిన చెరువులో దింపేశాడు ఇన్‌స్ట్రక్టర్! ఊరంతా అక్కడే. రెక్క నీడలో మేకలు. ఒక ముసలావిడ కేడెట్‌కి మజ్జిగ ఇస్తూ, "బయల్దేరేముందు పెట్రోలు చూసుకోవద్దా నాయనా" అని మందలిస్తోంది. కొబ్బరికాయ కొడతామని ఇంకొకరు. రెక్కలు విప్పి ఎక్కించేసరికి చీకటి పడింది. ఆ కుర్రాడు నా చెయ్యి పట్టుకుని ఏడుపు. దెబ్బ తగిలిందేమో అనుకున్నా. "ప్రాపెల్లర్ వంగిపోయింది, నన్ను పంపించేస్తారా?" అంటాడు!

నీకు పాఠాలు చెప్పడానికి వాళ్లున్నారు, నేను చెప్పను. అయినా విను. టేకాఫ్ అవ్వగానే ఇంజన్ ఆగిందనుకో, ముందు ముక్కు దించి స్పీడు కాపాడుకో. తక్కువ ఎత్తులో రన్‌వే కోసం వెనక్కి తిరగకు, ఆ మలుపులోనే స్టాల్ అయి, అంటే రెక్కలకి గాలి పట్టు తప్పి, పోయినవాళ్లున్నారు. ఎజెక్ట్ అనగానే హ్యాండిల్ లాగెయ్. ఎంక్వైరీలో ఏమంటారో, మార్కులు పోతాయో అని చూడకు. ముప్పై ఏళ్లు ఇంజన్లు తుడిచినవాణ్ణి చెబుతున్నా, విమానం ఇంకోటి కొంటారు.

చెక్‌లిస్టు నోటికొచ్చినా చూసే చదువు. రాత్రుళ్లు ఫోన్ చూడకుండా పడుకో. తలకి నూనె రాస్తున్నావా? హెల్మెట్ చెమటకి జుట్టు ఊడుతుందని అమ్మ బెంగ.

అన్నట్టు, పోయిన వారం పంపిన సున్నుండలు అందాయా? అందాయనే అంటున్నాడు కొరియర్ వాడు. రసీదు మీద సంతకం ఎవరిదో గుర్తుపట్టలేకపోయాం. నీదేనని అమ్మ అంటోంది, నీదైతే ఒక మెసేజ్ పెట్టు.

నాన్న