కాజీపేట జంక్షన్‌లో కలిసిన సార్‌కు

సార్, పేరు అడిగేలోపే మీ రైలొచ్చేసింది, అందుకే ఇలా రాస్తున్నాను. ఆర్గాన్ పరమాణువుల సిమ్యులేషన్ నత్తనడక నడుస్తోందని టెన్షన్ పడుతున్న నాకు, వాటి మధ్య బలాలు లెక్కించే లూప్ (మళ్లీ మళ్లీ నడిచే కోడ్) మీద వేలు పెట్టి చూపించారు. "ఈ రెండు పాయింటర్లు (మెమరీ చిరునామాలు) ఒకే మెమరీని చూపిస్తయేమోనని కంపైలర్ (కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రామ్) భయపడుతున్నది బిడ్డా, చూపించవని దానికి మాటియ్యి" అన్నారు. సీ భాషలో 1999 ప్రమాణం తెచ్చిన, ఆ మాటిచ్చే 'రెస్ట్రిక్ట్' అనే పదం చేర్చగానే లూప్ వెక్టరైజ్ అయింది. ఒక్కో సంఖ్య కాకుండా నాలుగేసి ఒకేసారి లెక్కకొచ్చాయి.

ఫోర్ట్రాన్ భాష కంపైలరూ, అణువుల కదలికలను కంప్యూటర్‌లో లెక్కించే మాలిక్యులర్ డైనమిక్స్ మీద శాస్త్రవేత్తలు ఆల్డర్, వెయిన్‌రైట్‌ల పేపరూ రెండూ 1957లోనే వచ్చాయని మీరు చెబుతుంటే ఒళ్లు పులకరించింది. ఈ రెండింటిలోనే జీవితమంతా పనిచేసినవారు ఓ స్టూడెంట్ పక్కన కూర్చొని అంత ఓపిగ్గా చెప్పడం ఎంత పెద్ద మనసు! హన్మకొండలో మా జూనియర్లకూ అదే నేర్పిస్తున్నాను. మీకు నా నమస్కారాలు సార్.