స్పెషల్ బీఈడీలో చేరబోయే అమ్మాయికి

కందుకూరు

అమ్మలూ,

స్పెషల్ బీఈడీ, అంటే వైకల్యం ఉన్న పిల్లలకి చదువు చెప్పే టీచరు కోర్సు, చేస్తానంటున్నావు. ఫోనులో తెగే మాటలు కావు కాబట్టి రాస్తున్నా.

ముందు కాలేజీ సంగతి. ఈ కోర్సుకి గుర్తింపు ఇచ్చేది ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. కాలేజీకి ఎప్పుడో గుర్తింపు ఉండేదంటే చాలదు. నువ్వు చేరే ఏడాదికి, నువ్వు తీసుకునే స్పెషలైజేషన్‌కి ఉందో లేదో వాళ్ళ వెబ్‌సైటులో నువ్వే చూసుకో. బ్రోషర్‌లో అచ్చేసింది, ఏజెంటు చెప్పింది లెక్కలోకి తీసుకోవద్దు. అది లేకపోతే రెండేళ్ళు చదివి పాసైనా సీఆర్ఆర్ నంబరు, అంటే ఆర్‌సీఐ రిజిస్టరులో నీ పేరు ఎక్కిన నంబరు, రాదు. రిజిస్ట్రేషన్ లేకుండా ఈ పని చేస్తే 1992 చట్టం కింద ఏడాది దాకా జైలో, వెయ్యి దాకా జరిమానానో, రెండూనో వెయ్యొచ్చు. అంతదాకా ఎందుకులే, ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టేటప్పుడే ఆ నంబరు అడుగుతారు. తర్వాత కూడా దాన్ని రెన్యువల్ చేయించుకోవాలి, అందుకు సీఆర్ఈ తరగతులకు (ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి మళ్ళీ మళ్ళీ పెట్టే శిక్షణ) వెళ్ళి పాయింట్లు పోగేసుకోవాలి.

స్పెషలైజేషన్ నీ ఇష్టం. వినికిడి లోపం తీసుకుంటే ఆడియోగ్రామ్ (ఎంత వినిపిస్తుందో చూపే గ్రాఫు) చదవడం, సంజ్ఞా భాష రావాలి. చూపు లోపం తీసుకుంటే బ్రెయిలీ. బ్రెయిలీ పలక, స్టైలస్ (చుక్కలు పొడిచే మొన)తో రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకి, చుక్కలు తిరగేసి పొడవాలి. కాగితం తిప్పితే ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. చేతికి అలవాటు పడటానికి నెలలు పడుతుంది. నన్నడిగితే మేధో వైకల్యం తీసుకో. భవిత కేంద్రానికి, అంటే ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన సెంటరుకి, అన్ని రకాల పిల్లలూ వస్తారు, ఈ స్పెషలైజేషన్‌లో నేర్చుకున్న పద్ధతి అందరి దగ్గరా పనికొస్తుంది.

ఉద్యోగాల మాట. ప్రైమరీలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకి ఒకరు, ఆ పై తరగతుల్లో 15 మందికి ఒకరు టీచరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. మన దగ్గర ఇన్నాళ్ళూ ఎక్కువమంది సమగ్ర శిక్షలో (ప్రభుత్వ బడుల పథకం) కాంట్రాక్టు మీదే లాక్కొచ్చారు. తెలిసే దిగు.

ఇక అసలు పని. పిల్లాడు రాగానే పాఠం మొదలుపెట్టొద్దు. ఈ రోజుకి వాడికి ఏం వచ్చో ముందు తేల్చుకో. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ నీపిడ్ వాళ్ళ ఎఫ్ఏసీపీ చెక్‌లిస్టు ఇస్తారు నీకు. పిల్లాడికి ఏ పనులు వచ్చో రాసుకునే జాబితా అది. తనంతట చేస్తే ప్లస్, అప్పుడప్పుడు గుర్తుచేస్తే చాలంటే సీ, మాటతో చెప్పాల్సి వస్తే వీపీ, చెయ్యి పట్టి చేయించాల్సి వస్తే పీపీ. కొత్తవాళ్ళు దీన్ని అమ్మని అడిగి నింపేస్తారు. అన్నం కలిపి నోట్లో పెట్టే అమ్మ "వాడికి తినడం రాదండీ" అంటుంది. వాడి చేతికి కంచం ఎప్పుడూ ఇచ్చి ఉండరు. నీ ముందు చేయించి చూశాకే రాయి.

తర్వాత ఐఈపీలో, అంటే ఒక్కో పిల్లాడికి విడిగా రాసే బోధన ప్రణాళికలో, లక్ష్యం. "స్వయం సేవ మెరుగుపడాలి" అని రాస్తే పడిందో లేదో ఎవరూ చెప్పలేరు. "ఎలాస్టిక్ నిక్కరు ఎవరూ ముట్టుకోకుండా ఐదుసార్లలో నాలుగుసార్లు వేసుకోవాలి" అని రాయి. దాన్ని మెట్లుగా విడగొట్టు: ముందు వైపు గుర్తుపట్టి రెండు చేతులతో నడుము పట్టుకోవడం, కుడికాలు దూర్చడం, ఎడమకాలు దూర్చడం, మోకాళ్ళదాకా లాగడం, తొడలదాకా లాగడం, నడుందాకా లాగడం. నేర్పేటప్పుడు చివరి మెట్టు నుంచి మొదలుపెట్టు. తొడలదాకా నువ్వే వేసి ఆఖరి లాగుడు వాడికి వదిలేయి. నిక్కరు వేసుకోవడం పూర్తి చేసింది వాడే అవుతాడు, అందుకే మళ్ళీ చేస్తాడు. అది కుదిరాక తొడల మెట్టు, ఆపైన మోకాళ్ళ మెట్టు. లోపల అంచు ముందు వైపు ఒక రంగు గుడ్డముక్క కుట్టిస్తే ముందూ వెనకా గొడవ తీరిపోతుంది. నిక్కరు ఒక సైజు వదులుగా ఉండాలి. బిగుతుదైతే వాడి చేతకానితనమో గుడ్డ తప్పో తెలియదు.

సాయం తగ్గించడం నేర్పడంకన్నా కష్టం. వాడి చేతిమీద నీ చెయ్యి, తర్వాత మణికట్టు, తర్వాత మోచెయ్యి, తర్వాత వేలితో చూపించడం, ఆపైన ఏమీ లేదు. నోటితో "లాగు, లాగు" అనడం తేలిక అనిపిస్తుంది గానీ వదిలించడం మహా కష్టం. నువ్వు అనేదాకా కదలకుండా నిలబడే పిల్లలు అలాగే తయారవుతారు. ఒకసారి చెప్పి ఐదు సెకన్లు నోరు మూసుకో. నీకది కష్టమే, నాకు తెలుసు.

అల్లరి విషయంలో ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, తర్వాత వాడికేం దొరికింది అని మూడు గళ్ళు గీసి రాసుకో. రాయమనగానే పలక విసురుతాడు, బయట కూర్చోబెడతారు, రాసే పని వాడికి తప్పిపోతుంది. రేపూ విసురుతాడు. పని రెండు అక్షరాలకి తగ్గించి, "చాలు" అని చూపించే ఒక కార్డు వాడి చేతికివ్వు. అది చూపిస్తే వెంటనే ఆపాలి, విసిరితే ఆపకూడదు. మొదట్లో విసురుడు పెరుగుతుంది. అప్పుడు లొంగిపోయావా, ఇంకా గట్టిగా విసరాలని నువ్వే నేర్పినట్టు.

డబ్బు నేర్పేటప్పుడు చార్టులో బొమ్మలొద్దు. నిజం బిళ్ళలు, నిజం పది నోటు పెట్టు. రూపాయి బిళ్ళకీ రెండు రూపాయల బిళ్ళకీ తేడా పెద్దవాళ్ళకే తెలియదు కాబట్టి ముందు పది నోటుతోనే ఒక్క వస్తువు కొనిపించు. సెంటర్లో వచ్చింది అంగడి దగ్గర రాదు. అంగడికే తీసుకెళ్ళి నేర్పాలి, రెండు మూడు అంగళ్ళు మార్చాలి.

తల్లిదండ్రులకి వారానికి ఒక్క పనే చెప్పు. ఐదు చెబితే ఒక్కటీ జరగదు. యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) ఉందో లేదో మొదటి రోజే అడుగు. వైకల్యం 40 శాతం గానీ ఆ పైన గానీ ఉంటే ఆరేళ్ళ నుంచి 18 ఏళ్ళదాకా ఉచిత చదువు 2016 చట్టం ఇచ్చిన హక్కని కూడా చెప్పు, చాలామందికి తెలియదు.

నెల్లూరులో సీఆర్‌సీ, అంటే వైకల్యం ఉన్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ప్రాంతీయ కేంద్రం, ఉంది, అడ్మిషన్ లోపల ఒకరోజు వెళ్ళి చూసి రా. వచ్చేటప్పుడు డిగ్రీ మెమోలు తెచ్చుకో, 50 శాతం ఉందో లేదో ఒకసారి కూడి చూద్దాం.

అమ్మ