పెద్దదాన్ని అమ్మేయ్, చిన్నది చెయ్యి

అమ్మడూ,

పోటీల్లో ఎదుటి రోబోతో కొట్లాడే ఆ 15 కిలోల రోబోని విడి భాగాలుగా అమ్మేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. అమ్మితే అమ్ము. ఇద్దరు పట్టుకుంటే గానీ అది టేబుల్ ఎక్కదు, ఎదుటి రోబోని కొట్టే ఆ తిరిగే డ్రమ్ము ఊడదీసి బిగించడానికే ఒక పూట పోతుంది, చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఆ పని ఎవరివల్లా కాదు. కానీ "ఇంక రోబోలు చాలు" అన్నావట, ఆ మాట మాత్రం నాకు నచ్చలేదు.

చిన్నది చెయ్యమ్మా. యాంట్‌వెయిట్ అని చిన్న రోబోల తరగతి ఉంది, అమెరికాలో దానికి మొత్తం బరువు 454 గ్రాముల దాకా, ఇంగ్లండులో అయితే 150 గ్రాములే. బీరువా సొరుగులో పడుంటుంది. డిజైన్ కూడా ముక్కలుగా చేసుకోవచ్చు, పిల్లాడు పడుకున్నాక అరగంట కూర్చుని ఒక బ్రాకెట్ గీసుకుంటే ఆ రోజుకి చాలు. లేత్ పని అలా కాదు, చక్ పట్టులో ముక్క బిగించాక మధ్యలో వదిలి లేవలేం, అందుకే అది నాకొదిలెయ్.

అసలు రోబోట్ వార్స్ అనే పోటీ పుట్టిందే ఇంటిపనిలోంచి. మార్క్ థార్ప్ అనే ఆయన ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్‌కి రిమోట్ పెట్టబోయి ఈ దారి పట్టాడు, 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటి రోబోట్ వార్స్ పెట్టాడు.

డ్రమ్ముకి ఈసారి ఎదుటి రోబోకి తగిలే పన్ను ఒక్కటే పెడదాం. నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతుందనుకో, అంటే సెకనుకి 200. రోబో సెకనుకి 2 మీటర్ల చొప్పున మీదికి దూసుకెళ్తే, ఆ పన్ను ఒక చుట్టు తిరిగొచ్చేలోపు 10 మిల్లీమీటర్లు లోపలికి వెళ్తుంది. రెండు పళ్లుంటే 5 మిల్లీమీటర్లే, గీరుకుని జారిపోతుంది తప్ప పట్టుకుని ఎత్తి పడెయ్యదు. ఒక్క పన్నుతో వచ్చే చిక్కల్లా బ్యాలెన్సు, రెండోవైపు సరిపడా బరువు ఉంచకపోతే ఆ వేగానికి వైబ్రేషన్‌తో బేరింగులు పోతాయి. ఆ లెక్క నువ్వు చూడు, తిప్పి చూసి గ్రైండింగ్ చేసే పని నాది.

బ్యాటరీ సంగతి మాత్రం గట్టిగా చెప్తున్నా, పసివాడున్న ఇల్లది. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఛార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు, పక్క గదిలోకి కూడా వెళ్లొద్దు. ఉబ్బిన సెల్లు మళ్లీ వాడొద్దు. దాచేటప్పుడు సెల్లుకి 3.8 వోల్టుల దగ్గర ఆపి దాచు, 4.2 దాకా నింపి వారాల తరబడి ఉంచొద్దు. వెపన్‌కి, అంటే డ్రమ్ముకి, తిరక్కుండా లాక్ పెట్టకుండా బ్యాటరీ తగిలించొద్దు, రిమోట్ సిగ్నల్ పోతే మోటారు దానంతటదే ఆగుతోందో లేదో ప్రతిసారీ చూసుకో.

ఆదివారం పొద్దున్న రెండు గంటలు నీవని అల్లుడుగారితో ముందే మాట్లాడుకో. మొహమాటం దేనికి? ఆయన క్రికెట్‌కి వెళ్లినప్పుడు పిల్లాణ్ణి నువ్వే చూస్తున్నావు కదా, అడిగితే కాదనే మనిషి కాదాయన. టైమ్ ముందే అనుకుంటే ఇద్దరికీ టెన్షన్ ఉండదు.

ఇక్కడ పాలకొల్లులో చెరువుల వాళ్ల ఏరేటర్ (నీళ్లకి గాలి పట్టించే మిషన్) షాఫ్టులు వరసగా వస్తున్నాయి, కొట్లో ఊపిరాడట్లేదు. అయినా నీ డ్రమ్ము ముందు చేస్తాను, ఈఎన్ 24 అనే గట్టి ఉక్కు ముక్క ఒకటి పక్కన పెట్టి ఉంచా. డ్రాయింగ్ పంపు, బేరింగు లోపలి సైజు, బయటి సైజు రెండూ రాయి. సంక్రాంతికి వచ్చేసరికి డ్రమ్ము రెడీగా ఉంటుంది, మోటారు తెచ్చుకో, ఇక్కడే బిగించి చూద్దాం. పిల్లాణ్ణి మీ అమ్మ చూసుకుంటుంది.

నాన్న