ప్రసంగ వేదికపై ఓట్ల వేట వద్దు
ఎన్నికలొచ్చాయంటే చాలు, చర్చి ప్రసంగ వేదికలు ప్రచార వేదికలైపోతున్నాయి. మొన్నటి ఎన్నికల్లో మా చర్చి సంఘంలో బల్ల ఆరాధన (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) మధ్యలోనే పార్టీ కండువాతో అభ్యర్థి వచ్చారు. వాక్య ప్రసంగం ఆపి మైకు ఆయనకిచ్చారు, ప్రహరీ గోడ కట్టిస్తానన్న హామీకి చప్పట్లు కొట్టించారు. విశ్వాసిగా నాకెంతో బాధ కలిగింది. అధికారుల కోసం ప్రార్థించమన్నాడు బైబిల్లో అపొస్తలుడైన పౌలు, విశ్వాసుల మందను ఫలానా గుర్తుకు అప్పగించమనలేదు. ప్రార్థనా స్థలాల్లో ప్రచారం చేయకూడదని ఎన్నికల నియమావళి చెబుతోంది. మతం పేరిట ఓటడగడం చెల్లదని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది. నోటిఫికేషన్ వచ్చింది మొదలు పోలింగ్ ముగిసేదాకా ఏ పార్టీవారికీ మైకివ్వబోమని ప్రతి సంఘ కమిటీ తీర్మానించి, ఆ కాగితం గుమ్మం దగ్గర అంటించాలి. నాయకులొస్తే అందరితోపాటు కూర్చుని వాక్యం వినవచ్చు.