అమ్మ సంగతి

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో అడిగితే "బాగానే ఉందిరా" అనేశాను. పక్కనే అమ్మ కూచుని ఉంటే ఎలా చెప్పను?

అమ్మకి డిమెన్షియా, అదే, జ్ఞాపకం, ఆలోచన మెల్లగా తగ్గిపోయే జబ్బు. అందులో ఎక్కువమందికి వచ్చే అల్జీమర్సే. పోయినేడాది కొత్తిమీర కట్టకి ఐదొందల నోటిచ్చి, చిల్లర తీసుకోకుండా లోపలికొచ్చేసింది. రూపాయి దగ్గర బేరమాడే మనిషి! మొదట చూసిన డాక్టరు "వయసండీ" అని పంపించేశాడు. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తర్వాత న్యూరాలజిస్టు, అదే నరాల డాక్టరు, విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించాడు. ఆ లోపాలవల్ల వచ్చిన మరుపైతే మందులతో తగ్గే అవకాశం ఉందట. అవి బాగానే ఉన్నాయి. మనకంత అదృష్టమా!

మరుపంటే పేర్లు మర్చిపోవడమే అనుకున్నాను. కాదురా, పనిలో వరస పోతుంది. మొన్న కాఫీ పెడతానంది. గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఫిల్టర్లో పొడి వేసింది, నీళ్ళు మరిగించింది. ఇక మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "నీళ్ళు పొయ్యమ్మా" అనగానే ఠక్కున పోసింది. పోయడం రాక కాదు, పొడి తర్వాత నీళ్ళన్నది అందడం లేదు. డబ్బు లెక్కలు, మాత్రలు, ఫోను, వంట ముందు పోతాయట. స్నానం, బట్టలు, తిండి దాకా రావడానికి టైం పడుతుందట. అమ్మకి చీర దగ్గర అప్పుడే తడబాటు మొదలైంది. లంగా, జాకెట్టు, చీర కట్టుకునే వరసలో మంచం మీద పెడుతున్నాం. "స్నానం చేసి తయారవ్వు" అంటే కదలదు. "చెంబు తీసుకో" అంటే తీసుకుంటుంది.

మేమూ ఓ తప్పు చేశాంలే. పాపం కదా అని ఏ పనీ చెయ్యనివ్వలేదు. రోజంతా విసుక్కునేది. ఇప్పుడు పూలు, దారం ముందు పెడుతున్నాం. మాల కట్టేటప్పుడు ఆ వేళ్ళు చూడాలి, ముడి ఒక్కటి తప్పదు! దీపాలు పెట్టే వేళకి మాత్రం "మా ఇంటికి పోతా" అని చెప్పులు వెతుక్కుంటుంది. ఇదే ఇల్లని వాదించడం మానేశాను. వీధి చివరిదాకా నడిపించి తీసుకొస్తున్నాను.

నిన్న ఉన్నట్టుండి "శీను అన్నం తిన్నాడా, పరీక్షకి టైమవుతోంది" అంది. మన పదో తరగతిరా!

సంక్రాంతికి రా. "నన్ను గుర్తుపట్టావా అత్తయ్యా" అని మాత్రం అడక్కు, కంగారు పడుతుంది. "శీనుని, ఆకలేస్తోంది" అను, చాలు.

నీ
రాజు