బియ్యం కోసమేనా అని అడిగిన పాఠకుడికి

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు, బైబిల్ గురించి ఏదడిగినా క్రైస్తవులు ముఖం మాడ్చుకుంటారని, అసలు వాళ్ళ తాతలు కరువులో బియ్యం కోసం ఈ మతంలో కలిసినవాళ్ళే కదా అని రాశారు. మొదటి మాటలో కొంత నిజముంది. రెండో మాటకు జవాబు చెప్పాల్సిన ఊళ్ళో పుట్టినదాన్ని కాబట్టి ఈ ఉత్తరం.

నేను ఒంగోలులో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. ఆదివారాలు మా బాప్టిస్టు సంఘంలో సండే స్కూలు పిల్లలకు పాఠం చెబుతాను. స్టాఫ్ రూము నుంచి కూరగాయల బండి దాకా నన్ను అడగని ప్రశ్న లేదు. చాలావాటికి జవాబు చిన్నదే. డిసెంబరు 25 అని బైబిల్లో ఎక్కడుంది? ఎక్కడా లేదు. నాలుగో శతాబ్దంలో రోములో ఆ తేదీ పాటించినట్టు ఆధారముంది, అంతే. అర్మేనియా సంఘం ఇప్పటికీ జనవరి 6న చేసుకుంటుంది. ఈస్టర్ ఏటా ఎందుకు మారుతుంది? మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి చూసుకుని, దాని తర్వాతి ఆదివారం చేస్తారు. పంచాంగం చూసే ఇంట్లో ఈ సంగతి ఒక్క నిమిషంలో అర్థమవుతుంది, మా పిల్లలకే అరగంట పడుతుంది. క్యాథలిక్కుల బైబిల్లో 73 పుస్తకాలుండగా మీ దాంట్లో 66 ఎందుకని అడిగేవాళ్ళను మాత్రం టీ ఇచ్చి కూర్చోబెట్టాలి.

ఈ మధ్య వాట్సాప్ పుణ్యమా అని ఇంకొకటి ఎక్కువగా వింటున్నాను. యేసు పన్నెండో ఏట నుంచి ముప్ఫయ్యో ఏడు దాకా మన దేశంలో చదువుకున్నాడట కదా టీచర్ అని. ఆ మధ్య ఏళ్ళ గురించి, యేసు జీవితం చెప్పే సువార్తల్లో దాదాపు ఏమీ లేని మాట నిజమే. ఖాళీ కనబడితే ఎవరికైనా నింపబుద్ధవుతుంది. 1894లో నొటోవిచ్ అనే రష్యన్, లద్దాఖ్‌లోని హెమిస్ మఠంలో యేసు చరిత్ర దొరికిందంటూ పుస్తకం అచ్చేశాడు. మరుసటి ఏడాదే డగ్లస్ అనే ప్రొఫెసర్ ఆగ్రా నుంచి అక్కడికి వెళ్ళి మఠాధిపతినే అడిగితే, అలాంటి గ్రంథం మా దగ్గర లేనే లేదన్నాడు. అంత దూరం పోకుండా మార్కు సువార్త ఆరో అధ్యాయం చూసినా చాలు. సొంతూరు నజరేతులో యేసు బోధిస్తుంటే ఊరివాళ్ళు నోరెళ్ళబెట్టి, ఇతను వడ్రంగి కాదా, మరియ కొడుకు కాదా అనుకున్నారు. పద్దెనిమిదేళ్ళు పరదేశంలో ఉండి వచ్చినవాణ్ణి ఏ ఊరు అలా అంటుంది? మా వీధిలో రెండేళ్ళు కువైట్‌లో ఉండొస్తే చాలు, చచ్చేదాకా కువైట్ సుబ్బయ్యే.

ఇక బియ్యం సంగతి.

1876-78 కరువును మా పెద్దవాళ్ళు ధాత కరువు అనేవారు. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ, మా వాళ్ళ నోట క్లౌ దొర, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసుకున్నాడు. ఈ దేశం రాకముందు సర్వేపని చేసినవాడు కాబట్టి ఆ పని తెలుసు. వేలమంది కూలికి వచ్చారు. మేస్త్రీలుగా పెట్టింది తన బోధకులనే. పగలు తట్టలు మోయించినవాళ్ళే పొద్దుగూకాక కూలీల మధ్య కూర్చుని యేసు గురించి చెప్పారు. ఇందులో దాచడానికేమీ లేదు. ఆకలితో ఉన్న మనిషికి కూలి ఇచ్చినవాళ్ళే వాక్యమూ చెప్పారు. కథ అక్కడితో ఆగిపోతే మీ పాఠకుడి మాటే నెగ్గేది.

అక్కడ ఆగలేదు. బాప్తిస్మం, అంటే నీళ్ళలో ముంచి సంఘంలో చేర్చుకోవడం, ఇమ్మని వచ్చినవాళ్ళను కరువు సాయం నడిచినన్నాళ్ళూ క్లౌ వెనక్కి పంపుతూనే ఉన్నాడు. కరువు పనులు, సాయం ముగిశాకే 1878 జులైలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒప్పుకున్నాడు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మొత్తం 3,536. ఒక్కరోజులో రెండువేల పైచిలుకు ఎలా సాధ్యమని లెక్కల టీచర్ని కదా, నన్నే అడుగుతారు. నీళ్ళలోకి దిగింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు దిగితే మిగతావాళ్ళు గట్టు మీద సేద తీరేవారు. మధ్యాహ్నం విరామం పోను ఎనిమిది తొమ్మిది గంటలు వేసుకోండి. ఇద్దరూ కలిసి నిమిషానికి నలుగురైదుగురు. కుదురుతుంది. రాత్రికి వాళ్ళ నడుములు ఏమయ్యాయో గానీ.

బియ్యం ఆగిపోయాక నీళ్ళలో దిగినవాళ్ళు దేనికోసం దిగినట్టు? దీనికి ఒక్కటే జవాబుందని చెప్పేవాళ్ళను, మా వేదిక మీది వాళ్ళయినా సరే, నేను నమ్మను. మళ్ళీ కరువొస్తే దొర ఆదుకుంటాడన్న ఆశ కొందరికి ఉండే ఉంటుంది. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఊరు బావి దగ్గరికి రానివ్వని రోజుల్లో పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడిన మనుషులు దొరకడం చిన్న విషయం కాదు. యేసును నిజంగా నమ్మి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఈ మూడూ ఒకే మనిషిలో ఉండకూడదని ఎవరన్నారు? ఎర్రగుంట్ల పేరయ్య సంగతి చూడండి. తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ, యోగం నేర్పే గురువుల వెంట తిరిగినవాడు. 1866లోనే, కరువుకు పదేళ్ళ ముందే, బాప్తిస్మం తీసుకుని ఊరూరా తిరిగి చెప్పాడు. ఆయనకు ఏ బియ్యం ఎర వేశారు?

నిజానికి ఈ ప్రశ్నను అందరికంటే ముందు అడిగింది యేసే. ఐదు రొట్టెలు పంచిన మర్నాడు వెతుక్కుంటూ వచ్చిన జనంతో, రొట్టెలు తిని కడుపు నిండింది కాబట్టే నన్ను వెతుకుతున్నారని ముఖం మీదే అన్నాడు. యోహాను సువార్త ఆరో అధ్యాయంలో ఉంది. అయితే తిండి పెట్టేటప్పుడు మాత్రం మీ ఉద్దేశమేమిటని ఎవరినీ అడగలేదు.

కోపం విషయానికొస్తే, కొందరు తీర్పు రాసి జేబులో పెట్టుకుని ప్రశ్న వేస్తారు. అలాంటప్పుడు మా వాళ్ళకు ఒళ్ళు మండితే నేను తప్పు పట్టను. కానీ పిల్లలు మనస్ఫూర్తిగా అడిగినా, సందేహం సాతాను పని అని నోరు మూయించే పాస్టర్లున్నారు. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సిలువ మీద చనిపోయిన యేసు మళ్ళీ లేచాడంటే, గాయాల్లో వేలు పెట్టి చూస్తే గానీ నమ్మనని శిష్యుడు తోమా అన్నప్పుడు యేసు చేతులు చాపి చూపించాడు గానీ బెంచీ ఎక్కించలేదు కదా.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న వేరే ఉంది. కాగితం మీద హిందువు, ఆదివారం క్రైస్తవుడు, ఇది మోసం కాదా టీచర్ అంటారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడినని రాయిస్తే మా రాష్ట్రంలో బీసీ-సీ అవుతాడు. దేవుడి ముందు ఒక మాట, ఎమ్మార్వో ముందు ఒక మాట చెప్పడం నాకూ మింగుడు పడదు. నా పిల్లలకు నేను అలా రాయించలేదు, దాని వల్ల వాళ్ళేం పోగొట్టుకున్నారో కూడా తెలుసు. అందుకే రాయించుకున్న వాళ్ళను నిలదీయడానికి నాకు నోరు రాదు. అడిగేవాళ్ళు ఒకటి చెప్పాలి. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మీరు చూసేది బాప్తిస్మం సర్టిఫికెట్టా, కులమా?

సంపాదకులకు చిన్న మనవి. ఈసారి క్రిస్మస్ అనుబంధంలో ‘ముగ్గురు రాజులు’ అని వేయకండి. పుట్టిన యేసును చూడ్డానికి వచ్చినవాళ్ళను మత్తయి తన సువార్తలో జ్ఞానులనే అన్నాడు, రాజులనలేదు. ఎంతమందో కూడా చెప్పలేదు. మూడు అన్నది బంగారం, సాంబ్రాణి, బోళం అనే కానుకల లెక్క. బొమ్మలో పశువుల పాక కూడా వద్దు, వాళ్ళు వచ్చేసరికి బిడ్డ ఇంట్లో ఉన్నాడని రాసి ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు,
ఒంగోలు