ఆదివారం అలిపిరి నడక: వచ్చేవాళ్లంతా ఒకసారి చదవండి

అందరికీ నమస్కారం. తిరుమల కొండకి నడిచి ఎక్కే రెండు దారుల్లో శ్రీవారి మెట్టు 2,388 మెట్లేగా, 3,550 మెట్లున్న అలిపిరి దారి ఎందుకని ఇద్దరు ముగ్గురు అడిగారు. శ్రీవారి మెట్టులో మెట్లు తక్కువే కానీ దారంతా ఏటవాలు, అలిపిరి దారి 9 కిలోమీటర్ల దాకా ఉన్నా మధ్యలో చదునుగా నడిచే చోట్లు ఉంటాయి, పెద్దవాళ్లకి ఊపిరి తీసుకునే వీలు దొరుకుతుంది. అసలు కష్టం ఎక్కువగా దారిలో వచ్చే గాలి గోపురం దాకానే. ఆ మొదటి 2 వేల మెట్లని కుర్రాళ్లు పందెం వేసుకుని ఎక్కేస్తారు, తర్వాత పైన నిటారుగా ఉండే మోకాళ్ల మెట్టు దగ్గర కూలబడతారు (పోయినసారి నేనే, నవ్వకండి). మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు.

తెల్లవారుజామున 5కల్లా మొదలుపెడదాం, ఎండెక్కితే కాళ్లు కాలిపోతాయి. పొద్దున్నే పూరీలు లాగించొద్దు, రెండు ఇడ్లీలు చాలు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, బీపీ, షుగర్ మాత్రలు చేతి సంచిలోనే ఉంచుకోండి, లగేజీలో వేసి పైకి పంపేస్తే దారిలో అవసరమైనప్పుడు దొరకవు. గుండెలో బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా మొహమాటపడకుండా ఆగి పక్కవాళ్లకి చెప్పండి.

పిల్లలు ఎప్పుడూ గుంపు మధ్యలోనే ఉండాలి, ముందుకి పరిగెత్తనివ్వొద్దు. 2023లో ఈ దారిలోనే చిరుత ఒక పాపని పొట్టన పెట్టుకుంది. జింకలకి, కోతులకి ఏమీ పెట్టకండి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దిగేటప్పుడు బస్సెక్కండి, ఎక్కడం కంటే దిగడమే మోకాళ్లకి చేటు. ఎవరెవరు వస్తున్నారో శుక్రవారం రాత్రికల్లా చెప్పండి.